మామగారి కొవ్వు డబ్బా

పొద్దున్నే చెంచా కోసం వంటింటి సొరుగు లాగింది కోడలు. చెయ్యి పెట్టబోతే ఇంత లావు బొద్దింక మీసాలు ఊపుకుంటూ చెంచాల మీదుగా నడిచి, నింపాదిగా వెనక సందులోకి దిగిపోయింది. ఇల్లు దానిదీ, అద్దెకున్నది మనమూ అన్నట్టు. ఆవిడ చెంచాలన్నీ తీసుకెళ్లి సబ్బునీళ్లలో పోసింది. ఆ వారంలో అది మూడోసారి. ఆ సొరుగు పదకొండేళ్లుగా పూర్తిగా మూసుకోదు. ఎంత నెట్టినా రెండువేళ్ల సందు మిగిలిపోతుంది. ఆ సందే బొద్దింకలకి సింహద్వారం.

శుభ్రం విషయంలో ఆవిడ సంగతి ఆ మూడంతస్తుల్లో ఎవర్నడిగినా చెబుతారు. ఫినాయిలమ్మ అని పేరు పెట్టింది కింది వాటా ఆవిడే. గుమ్మంలో అడుగు పెట్టకముందే వాసన ఎదురొచ్చి కాళ్లు కడుక్కోమంటుంది మరి. ఊరికే వచ్చిన జబ్బు కాదు లెండి. పదహారు కాపురాలకి రెండే రెండు మరుగుదొడ్లున్న వాడలో పుట్టి పెరిగింది. గట్టిగా వానొస్తే కాలవ పొంగి మంచాల కిందకొచ్చేది. ఆ నీళ్లలో ఏమేం తేలేవో చెబితే మీరు రెండ్రోజులు భోజనం మానేస్తారు. పదేళ్ల పిల్ల ఆ మంచం మీద గొంతుక్కూర్చుని ఒట్టేసుకుంది, నాకంటూ ఒక ఇల్లుంటే అద్దంలా ఉంచుతానని. ఇరవై రెండేళ్లుగా ఉంచుతోంది కూడా.

అలాంటి ఇంట్లోకి మామగారు వచ్చారు. యాభై ఏళ్లు తలుపులూ కిటికీలూ బీరువాలూ చేసిన వడ్రంగి మేస్త్రి. రెండేళ్ల కిందట ఓ పూట కుడిచెయ్యి పడిపోయింది. మందులతో లేచింది గానీ వణుకు మిగిలింది. పనిపాక మూసేసి, ఒక చెక్కపెట్టె మోయించుకుని కొడుకింటికొచ్చారు. అందులో పన్నెండు ఉలులు, చెక్కని నున్నగా దువ్వే చిత్రికలు మూడు, రెండు రంపాలు, నడుం అరిగిపోయిన ఒక సానరాయి. వాటితో పాటు ఒక రేకు డబ్బా.

ఆ డబ్బా గురించి ఏం చెప్పమంటారు! మూత తీస్తే పసుపూ కాని నలుపూ కాని ఒక ముద్ద. కసాయి కొట్లో దొరికే కొవ్వుని కరిగించి పోసి పెట్టుకున్నది. ఎన్నేళ్లదో ఆయనకే తెలియాలి. దానికి రంపపు పొట్టు అంటుకుని, రెండు మూడు వెంట్రుకలు అంటుకుని, మధ్యలో ఆయన వేలు ముంచీ ముంచీ పడ్డ గుంట. పొద్దున్నే బాల్కనీలో పీట వేసుకుని సానరాయి మీద తుపుక్కున ఉమ్మేవారు. పక్కనే కుళాయి ఉండగా! ఆ ఉమ్ముతోనే ఉలి నూరి, తుడిచి, డబ్బాలో వేలు ముంచి, పసిబిడ్డకి నూనె రాసినట్టు ఇనుముకి ఆ కొవ్వు రాసేవారు. తుప్పు పట్టకుండా అట. మురిగిన మాంసాన్ని తడిగుడ్డలో చుట్టి మూల పడేస్తే వచ్చే వాసన తిన్నగా వంటింట్లోకొచ్చేది. కోడలు ఊపిరి బిగబట్టి, చెయ్యి చాచినంత దూరం నుంచే ఆయనకి టీ గ్లాసు అందించేది.

ఆయన చేతి మీద ఆవిడకీ ఒక కన్నుండేది. ఆ వణుకు ముదిరితే చొక్కా గుండీలు తనే పెట్టాలి. ముద్ద తనే పెట్టాలి. గడ్డం మీద కారింది తనే తుడవాలి. తలుచుకుంటే డోకు వచ్చేది. పెద్దాయన గురించి అలా అనుకోవడం పాపమని తెలుసు. తెలిసినంత మాత్రాన డోకు ఆగుతుందా?

ఇక మొగుడిగారు. పనిముట్ల షాపులో సేల్సు. అమ్మేవాడు ఊరుకుంటాడా, నెలకొకటి ఇంటికి తెచ్చుకునేవాడు. డ్రిల్లింగ్ మిషను, దానికి పదిరకాల మొనలు, బ్యాటరీతో తిరిగే స్క్రూ డ్రైవరు, గోడలో తీగ ఎక్కడుందో కూత పెట్టి చెప్పే పరికరం. ఆదివారం వస్తే చాలు, ఫోను గిన్నెకి ఆనించి, వీడియో చూస్తూ గోడకి బెజ్జం వేసేవాడు. కాలేజీలో చదివే కూతురే తండ్రికి సగంపని అని పేరు పెట్టింది. షెల్ఫు కొడితే ఒక పక్కకి ఒరిగేది. తలుపు సరిచేస్తే ఉన్న కాస్తా పట్టేసేది. కానీ విచిత్రమేమిటంటే వారం తిరిగేసరికి ఆ ఒరిగిన షెల్ఫు నిటారుగా నిలబడేది. పట్టేసిన బాత్రూం తలుపు వేలితో తోస్తే పడేది.

"పనన్నాక కుదురుకోవాలి. కొత్తలో అంతే" అనేవాడు ఆయన మీసం సవరించుకుంటూ.

ఆవిడా మురిసిపోయేది. ఎంతైనా మా ఆయన చెయ్యి మంచిదని కింది వాటా ఆవిడతో పనిగట్టుకుని చెప్పొచ్చేది.

సరే, ఆ పొద్దున బొద్దింక సంగతయ్యాక పాలగిన్నె దించబోయింది. పిడి మీద జిడ్డుగా, మట్టిరంగులో, గీతలతో సహా ఒక బొటనవేలి ముద్ర. వేలికి అంటుకుంది. వాసన చూసింది. చూడకుండా ఉండాల్సింది. సరిగ్గా అప్పుడే మామగారు గుమ్మంలోకొచ్చి, "కొవ్వొత్తి ముక్కలేమైనా పడున్నాయా తల్లీ?" అని అడిగారు. వారం నుంచీ అదే అడుగుతున్నారు. ఆ డబ్బా చాలక ఇంకో చెత్త పోగేస్తున్నారనుకుంది ఆవిడ. లేవని ముక్తసరిగా చెప్పింది.

ఆయన్ని మనవరాలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది, చెయ్యి చూపించడానికి. మొగుడు బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే ఆ పెట్టె సంగతేదో తేల్చమంది ఈవిడ. "నీ ఇష్టం. అంతా పాత ఇనుమేగా" అని ఆయన మెట్లు దిగిపోయాడు. అదే ఆవిడకి రాజముద్ర.

ముందు డబ్బా పని పట్టింది. రెండు సంచుల్లో కట్టి, చేతికి ఇంకో సంచి తొడుక్కుని, మెట్లన్నీ దిగి చెత్తబండిలో పడేసి వచ్చింది. తర్వాత పెద్ద టబ్బులో మరిగే నీళ్లు, చారెడు సోడా, సబ్బుపొడి. ఉలులు, రంపాలు, చిత్రికలు అన్నీ కట్టగట్టి అందులో ముంచింది. నీళ్లు ఒక్క క్షణంలో మురిక్కాలవ రంగుకి తిరిగాయి. పైన తేలిన తెట్టు చూసి రెండుసార్లు ముఖం తిప్పుకుంది. పీచు పెట్టి తోమింది, పళ్లు తోమే బ్రష్షుతో పిడుల సందులు గీకింది, సానరాయిని ఫినాయిల్లో నానబెట్టింది. మూడు గంటలు. చివరికి అన్నీ బాల్కనీలో తెల్లటి దుప్పటి మీద ఎండలో ఆరబెడితే ఆసుపత్రి కత్తుల్లా మెరిసిపోయాయి. నడుం పట్టేసినా ఆవిడ మనసుకి హాయిగా ఉంది. మనలో మాట, పెద్దాయన మెచ్చుకుంటారనే అనుకుంది పిచ్చిది.

మధ్యాహ్నం తాతా మనవరాలూ వచ్చారు. పిల్ల గుమ్మంలోంచే సంబరంగా చెప్పింది, తాతయ్య చెయ్యి నయమవుతోందట, పొద్దున్నే ఏం పని చేస్తున్నారో దాన్ని ఒక్కరోజు కూడా మానొద్దన్నారట డాక్టరు. ఆ మాట పూర్తవకుండానే మామగారు బాల్కనీ గుమ్మంలో ఆగిపోయారు.

వంగి ఒక చిత్రిక తీసుకున్నారు. వేడినీళ్లు తాగి, ఎండకి బిగిసి, దాని చెక్క ఒళ్లు ఈ చివరి నుంచి ఆ చివరికి పగిలింది. బొటనవేలితో పగులు వెంబడి రాశారు.

"ఎంత తెల్లగా తోమావో తల్లీ. అలిసిపోయుంటావు, కాసేపు కూర్చో" అన్నారు.

అంతే. ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో పెట్టుకున్నారు. డబ్బా ఎక్కడని అడగలేదు. అడిగుంటే ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అడగలేదు గనక ఆ జవాబు ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

రెండోరోజుకి ఉలులు తుప్పెక్కాయి. అదీ అలా ఇలా కాదు, గజ్జి లేచినట్టు ఎర్రగా, పొక్కులు పొక్కులుగా. పెట్టె మూత ఎత్తి చూసిన కోడలికి తను చేసిన పనేమిటో అప్పుడు సగం తెలిసింది. మొగుడికి చెబితే సాయంత్రం షాపు నుంచి తళతళలాడే ప్లాస్టిక్ పెట్టె తెచ్చాడు. ఇరవై నాలుగు రకాల పనిముట్లు, ఒక్కోదానికీ ఒక్కో గుంట. మామగారు బాగుంది నాయనా అని తీసుకుని, మూతైనా తెరవకుండా మంచం కిందకి తోసేశారు.

ఆ తర్వాత పొద్దున్నపూట బాల్కనీలో చప్పుడు లేదు. ఉమ్మూ లేదు, కంపూ లేదు. ఆవిడ కోరుకున్నట్టే ఇల్లు శుభ్రంగా ఉంది. పెద్దాయన మాత్రం కుర్చీలో కూర్చుని కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఉండేవారు, ఎగిరిపోయే పిట్టని పట్టుకున్నట్టు. పదిరోజులు తిరిగేసరికి టీ గ్లాసు అంచు పళ్లకి కొట్టుకోవడం వినిపించింది. ఇంకో రెండు రోజులకి ఆయన కంచం తీసుకుని గదిలోకెళ్లి, గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టారు. ఏమని అడిగితే ఇక్కడ గాలి బాగుందన్నారు. తిన్నాక తన చొక్కా తనే ఉతుక్కునేవారు.

గోడకి గాలేమిటి? ఆవిడ అర్థమైనా కానట్టే నటించింది.

అలా ఉండగా ఒక ఆదివారం మొగుడిగారు పొయ్యి పక్కన కొత్త షెల్ఫు కొట్టారు. మామూలుగానే ఒరిగింది. కుదురుకుంటుందిలే అని ఆవిడ సీసాలన్నీ సర్దింది. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చోబోతుంటే షెల్ఫు గోడ పెచ్చుతో సహా ఊడి కింద పడింది. నూనె సీసా, తేనె సీసా, కారం డబ్బా అన్నీ పగిలి నేలంతా ఎర్రటి జిగురు. ఆ జిగురులో అప్పుడే ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక బొద్దింక కాళ్లు కొట్టుకుంటోంది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఈసారి కుదురుకోలేదేం మీ పని?" అంది, వెటకారం ఆపుకోలేక.

"గోడ మంచిది కాదు" అన్నాడు మొగుడు.

"గోడకేం కాలేదు నాన్నా. తాతయ్య మానేశారు, అంతే" అంది కూతురు.

"ఏం మానేశారే?"

"నువ్వు చేసినవన్నీ మళ్లీ చెయ్యడం. అమ్మ పాలకి కిందకెళ్లిన అరగంటలో ఈ ఇంట్లో ఏం జరుగుతుందనుకుంటున్నావు? బాత్రూం తలుపు ఊడదీసి అడుగు చిత్రిక పట్టిందెవరు? హాల్లో షెల్ఫుకి కొత్త మేకులు దిగ్గొట్టిందెవరు? నీ వీడియోలో మనిషి వచ్చి చేసి వెళ్లాడా?"

గదిలోంచి మామగారు కంచంతో బయటకొచ్చారు. చొక్కా ముందుభాగమంతా పడిన ముద్దలు. కంచం అడ్డం పెట్టుకున్నారు కనిపించకుండా. "ఎందుకమ్మా ఇప్పుడవన్నీ" అన్నారు మనవరాలితో.

కోడలు మొగుడి వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

ఆయన నేల మీది నూనె చూశాడు.

"తెలిసే కుదురుకుంటుందని మీసం తిప్పారా ఇన్నాళ్లూ? నేను ఇల్లిల్లూ తిరిగి డప్పు కొడుతుంటే విని ఊరుకున్నారా? వాటిని పాత ఇనుమన్నారే, ఆ నోటికి ఎలా వచ్చింది?"

ఆనాడు సొరుగులో బొద్దింకని చూసిన చూపే ఆ నిమిషాన మొగుణ్ణి చూసింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఎప్పుడూ చూడని చూపు. ఆయన ఎర్రబడ్డాడు.

"ఒక్క పనైనా నా చేత్తో నిలబడిందని నువ్వైనా అనుకుంటావనీ..." అని మధ్యలో ఆపేశాడు.

మామగారు కంచం బల్ల మీద పెట్టేశారు. "తప్పు వాడిది కాదు తల్లీ. పదేళ్లప్పుడు వీడు నాకోసం పీట చేసి తెచ్చాడు. మూడు కాళ్లు ఒకెత్తు, నాలుగోది ఒకెత్తు. పనివాళ్లందరి ముందూ పగలబడి నవ్వాను. మళ్లీ వీడు ఉలి ముట్టుకోలేదు. ఇప్పుడు ఇంకోసారి ఎలా నవ్వమంటావు? వంకర కనబడితే చూసి వదిలెయ్యలేను. అందుకని చప్పుడు చెయ్యకుండా చేశాను."

కూతురు తాతయ్య మంచం కింద నుంచి పాత దుప్పట్లో చుట్టిన దాన్నొకటి లాక్కొచ్చి తల్లి ముందు పెట్టింది. విప్పితే సొరుగు. వంటింటి సొరుగు కొలతే. మూలల్లో ఒక్క మేకు లేదు, రెండు చేతుల వేళ్లు ఒకదాన్లో ఒకటి దూర్చినట్టు చెక్కలో చెక్క దిగింది. వెంట్రుక దూరదు, బొద్దింక మీసమెంత. జారే అంచుకి ఒక పక్క తెల్లగా మైనం రాసుంది. రెండో పక్క చెక్క ఇంకా చెక్కకుండానే ఉంది, ఉలులు తుప్పెక్కిన రోజున ఎక్కడ ఆగిందో అక్కడే.

"కొవ్వు రాస్తే ఇంకా బాగా జారుతుంది. కానీ వంటింట్లో నీకు పడదుగా. అందుకే కొవ్వొత్తి ముక్కలడిగాను. నా దగ్గరున్నది ఒక పక్కకే సరిపోయింది" అన్నారు మామగారు.

ఆవిడ సొరుగు మూలని వేలితో తడిమింది. కళ్లు మసకబారాయి. అద్దంలాంటి ఇల్లని ఊరంతా చెప్పుకుంది. ఆ అద్దం పట్టుకుని నిలబెట్టింది ఆ జిడ్డు బొటనవేలే. ఆ వేలిని వేడినీళ్లతో కడిగేసి, మనిషిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. మొగుడి మీద పుట్టిన రోత అక్కణ్ణుంచి కదిలి తన మీదకే వచ్చి కూర్చుంది. దానికి ఏ ఫినాయిలూ పనికిరాదు. లేచి, తడిగుడ్డ తెచ్చి, ఆయన చొక్కా మీది ముద్దలు తుడిచింది. ఇన్నాళ్లూ దేనికి భయపడిందో ఆ పనే. డోకు వచ్చింది. తుడిచింది.

మర్నాడు పొద్దున్నే కసాయి కొట్టు వెనక గుమ్మం దగ్గర నిలబడింది. ఈగలు, నెత్తురు కలిసిన నీళ్లు, ఇనప కొక్కేలు. చెప్పులు నేలకి అంటుకుంటున్నాయి. కొవ్వు కావాలంది.

"వంటకా అమ్మా?" అన్నాడు కసాయి.

"ఉలులకి."

"అవి కూడా తింటాయా?" అని నవ్వి, కాగితంలో ఇంత ముద్ద చుట్టిచ్చాడు. ఇంటిదాకా దాన్ని ఒంటికి దూరంగా, పాముని పట్టుకున్నట్టు పట్టుకొచ్చింది. తన పొయ్యి మీద, తన గిన్నెలో వేసి కరిగించింది. గదుల నిండా ఆ వాసన కమ్ముకుంటుంటే ఒకసారి సింకు దగ్గరికి పరిగెత్తి కక్కుకుంది కూడా. ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ గరిటె పట్టుకుంది. వడగట్టి, కొత్త రేకు డబ్బాలో పోసి చల్లార్చింది. కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, ముక్కు మూసుకుని, ఏమిటమ్మా ఈ కంపని అడిగింది. మా మామగారి మందు అంది ఈవిడ.

తర్వాత బాల్కనీలో ఇంకో పీట వేసుకుని ఆయన పక్కన కూర్చుంది. తుప్పు ఎలా వదిలించాలో చెప్పమంది. గరుకు కాగితం ఎటు రుద్దాలో, అంచు దగ్గర ఎక్కడ ఆగాలో ఆయన చెప్పారు. తోమడం అంటూ మొదలుపెడితే ఆవిడకి సాటెవరు? రెండు రోజుల్లో పన్నెండు ఉలులూ తేలాయి.

"నా దగ్గర పని నేర్చుకున్న నలభైమందిలో ఒక్కడూ ఇలా తోమలేదు" అన్నారు మామగారు. పగిలిన చిత్రిక మాత్రం బాగుపడలేదు. దాని ఆయుష్షు అంతే అన్నారాయన. తను వేడినీళ్లలో ముంచకపోతే ఇంకా ఉండేదని ఆవిడకి తెలుసు.

మొగుడు షాపుకి వెళ్లేముందు వచ్చి కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగా ఆ సొరుగు ఉంది, పని మిగిలిన పక్క పైకి తిప్పి. మామగారు ఏమీ అనకుండా జరిగి చోటిచ్చారు. ఆయన బూట్లు విప్పి కూర్చుని, చెక్కని రెండు చేతులా పట్టుకున్నాడు. తండ్రి ఉలి పెట్టి మొదటి దెబ్బ కొట్టారు. చెయ్యి వణికి పక్కకి పోయింది. రెండోది కొంచెం నయం. ఎవరూ నవ్వలేదు.

ఇక కొవ్వు రాయాలి. డబ్బా మూత తీసింది కోడలు. తెల్లగా, గట్టిగా, మీద ఒక్క గుంట లేకుండా ఉంది. చూపుడువేలు పెట్టింది. మెత్తగా, చల్లగా, చచ్చిన దాని ఒంట్లోకి వేలు దిగినట్టే దిగింది. మెడ దాకా గగుర్పొడిచింది. ఊపిరి బిగబట్టి ఒక ఉలికి రాసింది. పిడి దగ్గర్నుంచి అంచు దాకా, పసిబిడ్డకి రాసినట్టు. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.

మామగారు ఆ ముఖం చూశారు. "చాలు తల్లీ. పోయి చెయ్యి కడుక్కో. నేను రాసుకుంటాలే."

ఆవిడ కళ్లు తుడుచుకుందామని చెయ్యెత్తి, ఆ వేలు చూసుకుని, మోచేత్తో తుడుచుకుంది.

"రోతగానే ఉంది మామయ్యా" అంది. "ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఇటివ్వండి."